టామ్‌సిన్ ముఖాన్ని ముట్టుకోవద్దు

పోయిన నెల పట్నం చిత్రశాల నుంచి ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. మెరిసే బూట్లు, జేబులో భూతద్దం. మా వంటింట్లో పొయ్యి పైన వేలాడే పాత తైలవర్ణ చిత్రం సంగతి ఎవరో చెప్పారట. అది చూడటానికే రైలెక్కి, ఆపైన గుర్రబ్బండి ఎక్కి, దుమ్ము కొట్టుకుంటూ వచ్చాడు. అడగకుండానే కుర్చీ ఎక్కి, భూతద్దం పెట్టి బొమ్మంతా వెతికాడు. ఎండిన గడ్డి కొండవాలు, పగులుకుండ వాగు మలుపు, గట్టున గమ్‌చెట్లనే పెద్ద నీలగిరి చెట్లు, చెట్టు బెరడు కప్పిన గుడిసె, పొగగొట్టంలోంచి పొగ, గడపలో మగవాడి బూట్లు ఒక జత, వాకిట్లో ఇద్దరు పిల్లలు, చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి. ఆ ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి భూతద్దం ఆగిపోయింది.

"అయ్యయ్యో! ఎవరమ్మా ఈ పాడుపని చేసింది? ముఖమంతా తుడిచేశారే!"

"ఆవిడే తుడుచుకుంది," అన్నాను.

"ఆవిడంటే?"

"ఆ ముఖం ఎవరిదో ఆవిడ."

మతిపోయిన ముసలిదాన్ని చూసినట్టు చూశాడు నన్ను. ఫరవాలేదు, మా దగ్గర మంచి పనివాళ్ళున్నారు, ఆవిడ ఫొటో ఏదైనా ఉంటే ఇవ్వండి, ముఖం మళ్ళీ వేయించి పెద్ద హాల్లో పెడతాం, ఎంతోమంది చూస్తారు అని ఊరించాడు. నాకు ఒళ్ళు మండింది. ముందు కుర్చీ దిగమన్నాను. టీ పోసి ఎదురుగా కూర్చోబెట్టి, "విను నాయనా, విన్నాక అడుగు," అన్నాను. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

నా పేరు గ్రేసీ పాస్కో. ఆ రోజుల్లో ఓగిల్వీ దొర బంగళాలో వంటమనిషిని. గనిపని కోసం సముద్రం దాటి వచ్చిన మా కార్నిష్ వాళ్ళలో కాస్త వయసు మళ్ళిన ఆడదాన్ని, చుట్టమైనా కాకపోయినా, అత్తా అనే పిలుస్తారు. అందుకని ఈ చుట్టుపక్కల అందరికీ నేను పాస్కో అత్తనే. టామ్‌సిన్ మా వాళ్ళ పిల్లే. సముద్రానికి అవతల, తగరపు గనుల దగ్గర పుట్టింది. ఆడపిల్లలు గని నోటి దగ్గర కూర్చుని సుత్తులతో రాయి పగలగొట్టేవాళ్ళు. జడ వేసుకునే వయసు నుంచీ అదే పని. ఆ చేతులు చూస్తే మగవాళ్ళు కూడా జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళు. తండ్రి వెంట ఓడెక్కి ఇక్కడి రాగి గనులకు వచ్చింది. జేబెజ్ అనే గనివాణ్ణి పెళ్ళి చేసుకుంది. వాడికి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి దగ్గు పట్టుకుంది. ఇక భూమి లోపలికి దిగితే బతకవు, భూమి పైన బతకమన్నాడు డాక్టరు.

అప్పుడే సర్కారు పెద్ద దొరల మేతభూముల్లోంచి కొంత కొంత విడగొట్టి పేదవాళ్ళకి ఇస్తోంది. ఉత్తినే కాదు. ఆ భూమి మీదే కాపురం ఉండాలి. కంచె వెయ్యాలి, దున్నాలి. గడువు నిండాక ఒక అధికారి వచ్చి, మనిషి నిజంగానే అక్కడ ఉంటున్నాడని రాస్తేనే భూమి సొంతం. ఎవరూ ఉండటం లేదని రాశాడా, పడిన కష్టమంతా గంగపాలు. టామ్‌సిన్‌కీ జేబెజ్‌కీ దొరికిన ముక్క సరిగ్గా పగులుకుండ వాగు మలుపులో ఉంది. నడివేసవిలో కూడా నీళ్ళు నిలిచే మడుగు ఆ చుట్టుపక్కల అదొక్కటే. ఓగిల్వీ దొర తండ్రి కాలం నుంచీ వాళ్ళ గొర్రెలు తాగిన మడుగు అది. ఇక చూడండి, దొరకి నిద్ర పట్టలేదు.

మాలాంటి వాళ్ళని దొరలు తెల్లచిలకలు అనేవాళ్ళు. గింజ కోసం నేల గీరుకునే పిట్టలని ఎగతాళి. టామ్‌సిన్ ఆ మాట విని, "చిలకలు గుంపుగా వాలితే చేనే మిగలదని దొరకి ఎవరూ చెప్పలేదా?" అనేది.

దొర రోజూ పొద్దున్నే ఒక మనిషిని గుర్రమ్మీద కొండ మీదికి పంపేవాడు. కింద గుడిసె పొగగొట్టంలోంచి పొగ వస్తోందా లేదా చూడటం వాడి పని. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా దగ్గర లెక్క ఇంకో రకం. పొగ లేకపోతే మనిషే లేనట్టు. ఒక్క పూట పొగ రాకపోతే, చూశారా, వీళ్ళు ఇక్కడ ఉండటంలేదు, ఊళ్ళో ఉంటున్నారు అని సర్కారుకి రాయించవచ్చు. అందుకని కొత్తగా భూమి పట్టినవాళ్ళెవరూ పొయ్యి ఆరనిచ్చేవాళ్ళు కాదు. టామ్‌సిన్ మరీను. వానాకాలం కట్టెలు తన పక్కమీద ఆరబెట్టి తను కింద పడుకునేది. చిన్నబిడ్డ కాన్పు నేనే చేశాను. నొప్పులు పడుతూ, పళ్ళు బిగించి, ఆ మనిషి అన్న మాట దేవుడా అని కాదు, "అత్తా, పొయ్యి చూడు!" అని.

జేబెజ్ ఏడాదిలో సగం ఇంట్లో ఉండేవాడు కాదు. గొర్రెల ఉన్ని కత్తిరించే రోజుల్లో ఊరూరా తిరిగి నాలుగు డబ్బులు తెచ్చేవాడు. అరక, కంచె, పిల్లలు, పొయ్యి అన్నీ ఆవిడే.

గడువు నిండే ఏడాది దొరకి ఒక సరదా పుట్టింది. తన భూమిని బొమ్మ వేయించి భోజనాల గదిలో పెట్టుకోవాలని. ఒట్టో రీమర్ అనే జర్మన్ చిత్రకారుణ్ణి పిలిపించాడు. "మా నాన్న మొదటిసారి ఈ కొండ ఎక్కి చూసినప్పుడు ఎలా ఉందో అలా వెయ్యి," అని చెప్పి, వేసవికి పట్నం వెళ్ళిపోయాడు.

రీమర్ మంచివాడే. గట్టిగా తుమ్మితే ఎవరికైనా కోపం వస్తుందేమో అని భయపడే రకం. కొండమీద రంగుల పెట్టె తెరిచి నాలుగు రోజులు గడ్డి వేశాడు, వాగు వేశాడు, ఆకాశం వేశాడు. అయిదో రోజు వంటింటికి వచ్చి మొహం వేలాడేశాడు.

"అత్తా, బొమ్మ చచ్చిపోయి ఉంది. ఊపిరి లేదు."

"ఊపిరి కావాలంటే కిందికి దిగి చూడు," అన్నాను. నా నోరు ఊరుకుంటుందా!

దిగాడు. మా వాళ్ళ పేస్టీ వాసన పట్టుకుని సరాసరి టామ్‌సిన్ వాకిట్లోకి పోయాడు. మాంసం, దుంపలు, ఉల్లిపాయలు పిండిలో మడిచి పొయ్యిలో కాలుస్తాం. ఎవరిది వాళ్ళకి తెలిసేలా మూలమీద పేరులో మొదటి అక్షరం పిండితోనే పెడతాం. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో రీమర్ అక్షరంతో కూడా ఒక పేస్టీ కాలుతోంది. నేను ఆదివారం చాపెల్‌లో ప్రార్థన అయ్యాక అటు వెళ్ళినప్పుడు వాళ్ళ వరస చూడాలి.

"అమ్మా, ఒక్క గంట కదలకుండా నిలబడతారా?" అని బతిమాలుతున్నాడు రీమర్.

"కదలకుండానా? చచ్చాక ఎలాగూ కదలను, అప్పుడు రా."

"పోనీ పిల్లలు?"

"వాళ్ళని కదలకుండా నిలబెట్టావంటే నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

అలా అంటూనే పని చేసుకునేది, అతను అలాగే వేసుకునేవాడు. పెద్దపిల్ల కెరెన్ కోళ్ళకి గింజలు చల్లుతుంటే వేశాడు. కొడుకు డిగ్గరి గమ్‌చెట్టు బెరడు లాగుతుంటే వేశాడు. వాడు రంగుల పెట్టెలో చెయ్యి పెట్టి చొక్కా అంతా నీలం చేసుకున్నాడు. టామ్‌సిన్ తిట్టుకుంటూ అటక మీంచి నీలగిరి తైలం సీసా దింపింది. గమ్‌చెట్టు ఆకులు డొక్కు రాగిపాత్రలో కాచి ఆవిడే తీసేది దాన్ని. దగ్గుకి ఛాతీ మీద అదే, గొర్రె ఉన్నికి అంటిన తారుకి అదే, బట్టల మీద జిడ్డుకీ అదే. గుడ్డకి తడిపి నాలుగు రుద్దులు రుద్దితే నీలం మొత్తం ఊడిపోయింది. రీమర్ నోరు తెరుచుకుని చూశాడు.

బొమ్మ దగ్గరికి వచ్చి టామ్‌సిన్ అడిగిన మొదటి మాట, "పొగ ఏదీ?"

"పొగ ఎందుకమ్మా? ఆకాశం బాగా కుదిరింది, చెడిపోతుంది."

"ఆకాశం సంగతి దేవుడు చూసుకుంటాడు. పొగ వెయ్యి. పొగ లేకపోతే నేను లేను."

వేశాడు. తరవాత జేబెజ్ సంగతి వచ్చింది.

"ఆయన ఊళ్ళో లేరు కదమ్మా, నేనెప్పుడూ చూడలేదు. ఎలా వెయ్యను?"

"మనిషి లేడుగానీ మనిషి బూట్లు ఉన్నాయి. ఇక్కడి చాకిరీలో సగం ఆ బూట్లదే. గడపలో వెయ్యి."

అవీ వేశాడు. చంకలో బిడ్డతో ఆవిడ రూపమూ వేశాడు, ఇక మిగిలింది ముఖం. ఎప్పుడూ వంగి పని చేస్తూనో, అటు తిరిగో ఉండేది. వేసవి దాటి, కోత అయిపోయి, గింజ గాదెలో పడ్డాకగానీ ఆవిడకి తీరిక దొరకలేదు. ఆ రోజు ముఖం కడుక్కుని, బిడ్డని ఎత్తుకుని, కొండవైపు తిరిగి నిలబడింది. కొండమీద దొరగారి గుర్రం మనిషి ఉండే చోటికేసి సూటిగా చూస్తూ నిలబడింది. నేను చూశాను ఆ ముఖం బొమ్మలో. నవ్వుతోందో తిడుతోందో చెప్పలేం. అచ్చం టామ్‌సినే.

ఆ రంగు ఆరకముందే దొర పట్నం నుంచి దిగాడు.

భోజనాల గదిలో బొమ్మ మీది గుడ్డ తీశాడు రీమర్. నేను పింగాణీ సర్దుతున్నాను. దొర ముఖం ముందు ఎర్రబడింది, తరవాత నల్లబడింది.

"ఏమిటిది? నా గోడ మీద తెల్లచిలకల గూళ్ళా? నేను నిన్నేం వెయ్యమన్నాను?"

రీమర్ నీళ్ళు నమిలాడు. "ఉన్నదే... వేశాను దొరగారూ."

"అక్కడ ఎవరూ లేరు. అర్థమైందా? గడ్డి ఉంది, నీళ్ళున్నాయి, అంతే. వాళ్ళని తీసేస్తే నీ కూలి ఇస్తా. లేదా బొమ్మతో సహా నడుచుకుంటూ పో."

తీసేశాడు మహానుభావుడు. గుడిసె మీద, పిల్లల మీద, బూట్ల మీద, పొగ మీద, ఆ ముఖం మీద గడ్డి వేశాడు. మర్నాడు వంటింట్లో ముద్ద దిగక కూర్చుంటే నాకు జాలి వెయ్యలేదు.

"ఏం చెయ్యను అత్తా? నాకూ తిండి కావాలి కదా."

"తిండా? ఆవిడ పొయ్యిలో కాలిన పేస్టీలు ఎన్ని తిన్నావురా? వాటి మీద కూడా గడ్డి వేశావా?"

తల వంచుకుని తన పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. అంతటితో అయితే అదొక బొమ్మ గొడవ. కానీ మూడో రోజు టీ తీసుకెళ్తూ దొర తన మేనేజరుతో అంటున్న మాట విన్నాను. ఆదివారం అధికారి బ్లైత్ వస్తున్నాడు. టామ్‌సిన్ భూమి సంగతి తేల్చడానికే. ఈ చుట్టుపక్కల సత్రం లేదు కాబట్టి ఏ అధికారి వచ్చినా దొర బంగళాలోనే బస.

"బ్లైత్ ఎండలో కొండ దిగే రకం కాదు," అంటున్నాడు దొర. "బాగా తినిపించి, ఆ బొమ్మ చూపిద్దాం. జర్మన్‌వాడు మేకు కూడా వదలకుండా వేస్తాడు, వీడి బొమ్మలో గుడిసే లేదు చూడండి అందాం. ఎవరైనా అడిగితే అది మన గొర్రెలకాపరి వదిలేసిన పాత పాక అందాం. భోజనం బల్ల మీదే సంతకం పెట్టేస్తాడు."

చేతిలో పళ్ళెం ఉండబట్టి సరిపోయిందిగానీ, లేకపోతే ఆ వేడి టీ ఎక్కడ పోసి ఉండేదాన్నో! పని ముగించుకుని కొండ దిగి టామ్‌సిన్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కట్టెలు కొడుతోంది. అంతా చెప్పాను. గొడ్డలి దుంగలో దించింది.

"డిగ్గరి మీద కూడా గడ్డి వేశాడా?" అంది.

"అందరి మీదా వేశాడే పిల్లా."

"బిడ్డ మీద కూడా?"

నేను తలూపాను. ఆవిడ ముఖం అలా మారటం కాన్పు రోజున కూడా చూడలేదు నేను. "దారికాచి ఆ అధికారికి మొత్తుకుందామే," అన్నాను.

"ఏమని? అయ్యా నేనున్నానని? ఇన్నేళ్ళు ఇక్కడ ఏడ్చి, నవ్వి, కని, దున్ని, ఇప్పుడు ఉన్నానని దేబిరించాలా అత్తా? నేను దేబిరించను. చూపిస్తా." తరవాత నెమ్మదిగా అడిగింది, "పైన వేసిన గడ్డి ఆరిందా?"

"ఎక్కడ! నిన్న దాని మీద ఈగ వాలి అంటుకుపోయింది."

టామ్‌సిన్ అటకకేసి చూసింది. నీలగిరి తైలం సీసా నిండుగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం. వేయించిన మాంసం, దుంపలు, పుడింగు. బల్లకి ఆ చివర దొర, ఈ చివర బ్లైత్, పక్కన మేనేజరు. బ్లైత్ కాస్త లావు మనిషి, కొత్త బూట్లు కరుస్తున్నాయేమో బల్లకింద ఒకటి విప్పేశాడు కూడా. సంతకం పెట్టాల్సిన కాగితం గ్లాసు పక్కనే ఉంది. దొర లేచి బొమ్మ దగ్గర నిలబడ్డాడు.

"ఇదీ మా వాగు మలుపు. మా నాన్న వచ్చినప్పుడు ఖాళీ భూమి. ఇప్పుడూ ఖాళీయే. చూడండి, ఎక్కడైనా గుడిసె ఉందా?"

"లేదు, లేదు," అన్నాడు బ్లైత్ నములుతూ. చెయ్యి కలంకేసి వెళ్ళింది.

అప్పుడు ముందు తలుపు తెరుచుకుంది. పనివాళ్ళ తలుపు కాదండీ, ముందు తలుపు! ఆ బంగళా కట్టాక మాలాంటి మనిషి ఆ గడప తొక్కటం అదే మొదలు. ఎడమ చంకలో బిడ్డ, కుడిచేతిలో సీసా, భుజం మీద పాత గుడ్డ, బూట్లకి వాగు బురద. తివాచీ మీద అడుగులు పడ్డాయి, ఒక్కో అడుగుకీ నా ప్రాణం లేచొచ్చింది.

"ఏయ్! ఎవరు నువ్వు? ఎవరు రానిచ్చారు?" అరిచాడు దొర.

"నేనెవరినో తెలీదా దొరగారూ? రోజూ పొద్దున్నే నా పొగ చూడ్డానికి మనిషిని పంపుతారుగా."

బ్లైత్ నమలడం ఆగింది. దొర నాకేసి తిరిగాడు. "గ్రేసీ! దీన్ని బయటికి పంపు!"

నా చేతిలో గ్రేవీ గిన్నె ఉంది. దాన్ని బల్లమీద పెట్టాను. గోడవారనున్న మంచి కుర్చీ, దొరగారి తండ్రి కూర్చున్న కుర్చీ, లాక్కొచ్చి బొమ్మ కింద వేశాను. "ఎక్కవే పిల్లా, పైకి అందదు నీకు," అని బిడ్డని అందుకున్నాను. నా ఉద్యోగం అక్కడితో సరి అని నాకు తెలుసు. అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

"ఆదివారం పని చెయ్యకూడదంటుంది మా చాపెల్," అంది టామ్‌సిన్ కుర్చీ ఎక్కుతూ. "ఇది పని కాదులెండి. మురికి తుడవటం."

గది నిండా నీలగిరి తైలం ఘాటు. ముందు ఆకాశం అంచున రుద్దింది. పొగ వచ్చింది. సన్నగా, బూడిదరంగులో, వంకర తిరుగుతూ. కింద పొగగొట్టం వచ్చింది, బెరడు కప్పు వచ్చింది. అధికారి ఒక బూటుతోనే లేచి నిలబడ్డాడు. గడపలో జేబెజ్ బూట్లు వచ్చాయి. కెరెన్, కోళ్ళు. డిగ్గరి. మేనేజరు ముందుకు రాబోయాడుగానీ, ఆ చేతులు చూసి, ఆగాడు.

"ఆపు! అది నా సొత్తు!" అంటున్నాడు దొర.

"బొమ్మ మీదే. బొమ్మలో మనుషులు మీవాళ్ళు కాదు."

"ఇది మా నాన్న కనిపెట్టిన ఖాళీ భూమి!"

టామ్‌సిన్ చెయ్యి ఆగింది. "ఖాళీయా? మడుగు గట్టున మట్టిలో పాత పొయ్యిరాళ్ళు కుప్పలుగా దొరుకుతాయి నాకు. అవి మనకంటే ముందు ఇక్కడ బతికినవాళ్ళవి కావూ? వాళ్ళ మీద కూడా ఇలాగే గడ్డి వేశారా?"

దొర కిటికీకేసి తిరిగాడు. నిజం చెప్పాలంటే ఆ మాట మాకూ తగిలింది. మా గుడిసె కూడా ఆ రాళ్ళ పక్కనే కదా లేచింది. తరవాత ఎప్పుడో నేను ఆ సంగతి ఎత్తితే టామ్‌సిన్, "అవునత్తా, ఆ పాపంలో నాకూ వాటా ఉంది," అంది. ఆ రాళ్ళని మాత్రం ఆవిడ ఏనాడూ నాగలితో ముట్టలేదు.

ఇక మిగిలింది తన రూపం. పావడా వచ్చింది, చెయ్యి వచ్చింది, చేతిలో బిడ్డ వచ్చింది. తరవాత ముఖం మీద గుడ్డ పెట్టి, ఉన్ని మీద తారు రుద్దినట్టు, బలమంతా పెట్టి రుద్దింది. నేను అరిచాను, "మెల్లగా పిల్లా! అది ఆఖర్న వేసిన రంగే!" అని. ఆలస్యమైపోయింది. మిగతా బొమ్మ వేసవంతా ఎండి గట్టిపడింది. ముఖం మాత్రం పచ్చిది. పై గడ్డితోపాటు అదీ ఊడి గుడ్డలోకి వచ్చేసింది. బొమ్మలో ఆడమనిషి మెడ ఉంది, జుట్టు ఉంది, మధ్యలో ఏమీ లేదు. కాన్వాసు నేత కనిపిస్తోంది.

టామ్‌సిన్ గుడ్డకేసి చూసింది. తన ముఖం రంగు దానిమీద మరకగా ఉంది. అప్పుడు దొర నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి దురదపెడుతుంది.

"చూశారా బ్లైత్? ఎవరూ లేరు. ముఖమే లేని మనిషికి భూమి కావాలట!"

టామ్‌సిన్ కుర్చీ దిగింది. తొందరేం పడలేదు. బొమ్మ పక్కనే, దాన్ని ఆనుకుని నిలబడి, తలెత్తింది. ఆ రోజు కొండకేసి చూసినట్టే చూసింది.

"ముఖం కావాలా దొరగారూ? ఇదిగో. గోడ మీద వెతుకుతారేం?"

దొర నవ్వు సగంలో ఆగిపోయింది. ఆవిడ బ్లైత్ వైపు తిరిగింది. "అయ్యా, మీరు భోజనం మానక్కర్లేదు. తినండి. పుడింగు బాగుంటుంది, మా అత్త చేసిందేగా. నేను వరండాలో కూర్చుంటా. తిన్నాక నాతో నడిచి రండి. పొయ్యి ఎవరు చూస్తున్నారని అడుగుతారేమో, మా కెరెన్ చూస్తోంది."

నా చేతుల్లోంచి బిడ్డని తీసుకుని వరండాలోకి వెళ్ళి, దొరలు కూర్చునే పేము కుర్చీలోనే కూర్చుంది. బ్లైత్ పుడింగుకేసి చూశాడు, దొరకేసి చూశాడు, బొమ్మలో పొగకేసి చూశాడు. "చూడలేదని రాయటానికి ఇక వీల్లేకుండా చేసిందయ్యా," అని గొణుక్కుంటూ బల్లకింద బూటు వెతుక్కున్నాడు.

ఆ ఎండలో, కొత్త బూట్లతో, కుంటుకుంటూ కొండ దిగాడు. కంచె చూశాడు, కోసిన చేను చూశాడు. గుడిసె వెనకాల బూడిద కుప్ప దగ్గర ఆగాడు. మనిషి నడుం ఎత్తు ఉంది అది. చేతికర్ర గుచ్చితే పిడిదాకా దిగింది. అన్నేళ్ళ పొగ అక్కడ కూర్చుని ఉంది మరి. టామ్‌సిన్ వంటబల్ల మీదే కాగితం పెట్టి, వీళ్ళు ఇక్కడే ఉంటున్నారని రాశాడు.

ఆ సాయంత్రమే దొర నన్ను పొమ్మన్నాడు. "ఆ చెత్త కూడా పట్టుకుపో!" అని బొమ్మని వరండాలోకి గిరాటేశాడు. నా పెట్టె ఒక చక్రాల బండిలో పడేసి, పైన బొమ్మ పెట్టుకుని, పాటలు పాడుకుంటూ దిగాను. ఇదిగో అప్పటి నుంచి నేను ఈ ఇంటిదాన్నే.

శీతాకాలం దాటాక రీమర్ వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడి టోపీ నలుపుకుంటున్నాడు. "అమ్మా, ముఖం మళ్ళీ వేస్తాను. డబ్బొద్దు. నా తప్పు దిద్దుకోనివ్వండి."

టామ్‌సిన్ అతన్ని లోపలికి పిలిచి పేస్టీ పెట్టింది. మూలమీద అతని అక్షరం ఉంది. తిననిచ్చి, అప్పుడు చెప్పింది.

"వద్దు. అలాగే ఉండనీ."

"ఎందుకమ్మా? బొమ్మకి ముఖమే కదా..."

"ముఖం ఉంటే చూస్తారు, బాగుందంటారు, వెళ్ళిపోతారు. లేదనుకో, ఎవరిదీ, ఏమైందీ అని అడుగుతారు. అడిగితే ఎవరో ఒకరు చెప్పాలి. చెబుతూ ఉన్నంతకాలం మమ్మల్ని ఎవడూ గడ్డితో కప్పలేడు."

ఆవిడ ఆ తరవాత ఎంతో కాలం బతికింది. జేబెజ్ దగ్గు జేబెజ్‌ని తీసుకుపోయింది. డిగ్గరి పెద్దవాడై చేను పెంచాడు. బెరడు కప్పు పోయి రేకులొచ్చాయి. ఆవిడ మాత్రం పోయినేటి చలికాలం దాకా ఈ పొయ్యి దగ్గరే కూర్చుంది. ఆఖరి రోజు మాట పడిపోయింది. కళ్ళతోనే పొయ్యి చూపించింది. నాకు అర్థమైంది, వెళ్ళి దుంగ పెట్టాను. ఏడుస్తూనే పెట్టాను.

చిత్రశాల పెద్దమనిషి టీ చల్లారిపోయింది. కప్పు పక్కకి జరిపి, "కథ బాగుందమ్మా. ఇదంతా ఒక పలకమీద రాయించి పక్కన పెడతాం. కానీ పెద్ద హాలు కదా, ముఖం లేకుండా అంటే..." అన్నాడు.

లేచాను. ఈ వయసులో లేవటం కష్టమే, అయినా లేచాను. ఆయన టోపీ తెచ్చి చేతిలో పెట్టాను.

"నాయనా, దొర గడ్డితో తుడవబోయాడు. నువ్వు రంగుతో తుడుస్తానంటున్నావు. తేడా ఏముంది? టామ్‌సిన్ ముఖాన్ని ముట్టుకోవద్దు."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగాడు. బొమ్మకేసి చూశాడు. ఈసారి భూతద్దం తియ్యలేదు.

"ఇంతకీ ఆవిడ ఎలా ఉండేదమ్మా?" అని అడిగాడు.

"అదీ," అన్నాను. "ఇప్పుడు అడిగావు. రా, కూర్చో."

పొయ్యిలో ఇంకో దుంగ పెట్టి, మళ్ళీ టీ కాచాను.